నంబర్లు కలవని కారు

మా నాన్న నాతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు.

ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం. ఏదైనా చెప్పాల్సివస్తే అమ్మ ద్వారా కబురు. 'వాణ్ని ఆ గ్యారేజీ తలుపు దించమను, చలిగాలి కొడుతోంది' అని నేను ఎదురుగా ఉండగానే అమ్మకు చెప్పేవాడు. అమ్మ నావైపు తిరిగి అదే మాట మళ్లీ చెప్పేది. మాకు పంచుకోవాల్సిన ఆస్తులేం లేవు. అత్తాకోడళ్ల పేచీ కూడా కాదు. గొడవంతా ఒక ఇంజిన్ గురించి. యాభై ఏళ్ల పాత ఇంజిన్.

అసలు సంగతి తెలియాలంటే ముందు కారు గురించి చెప్పాలి.

నేనుండేది అమెరికాలో, డెట్రాయిట్ శివార్లలో. కార్ల ఊరు. ఏటా ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల తిరునాళ్ల జరుగుతుంది. 'వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్' అంటారు. 1995లో మొదలైంది. రోడ్డుకు రెండువైపులా మడతకుర్చీలు వేసుకుని జనం కూర్చుంటారు. తాతలు మనవళ్లకు కార్ల పేర్లు చెబుతుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సరదాగా చూడ్డానికి వెళ్లాను. అంతే, ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

ఆ చప్పుడు మజిల్ కార్లది. 1960ల్లో అమెరికా కుర్రకారును ఊపేసిన బళ్లవి. సూత్రం చాలా తేలిక. పెద్ద కారుకు పెట్టే ఇంజిన్‌ని తీసుకొచ్చి మధ్యరకం కారులో పెట్టడం. 1964లో పాంటియాక్ వాళ్లు జీటీఓ అనే బండితో ఆ పని చేశారు. మిగతా కంపెనీలు వెంటపడ్డాయి. పదేళ్లు తిరిగేసరికి సంబరం ముగిసింది. బీమా ప్రీమియంలు పెరిగాయి. పొగ మీద చట్టాలొచ్చాయి. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి పెద్ద ఇంజిన్ల పని అయిపోయింది. ఒకటి గమనించారా? మజిల్ కారు పుట్టిందే ఒకదాని ఇంజిన్ ఇంకోదానికి పెట్టడంతో! ఈ మాట నాన్నతో వాదించేటప్పుడు నాకు గుర్తుకురాలేదు. వాదన అయిపోయాక తట్టే మాటలు కొన్నుంటాయి కదా, అందులో ఇదొకటి.

నాది 1969 నాటి షెవ్రోలే షెవెల్ మాలిబు. బాగా తెలిసినవాళ్లు దీన్ని మజిల్ కారని ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో 'ఎస్ఎస్ 396' అనే మోడలే అసలైంది. నాది దాని పేద తమ్ముడు. ఒళ్లు అదే, గుండె చిన్నది. 307 ఘనపు అంగుళాల వి8 ఇంజిన్. అంటే అయిదు లీటర్లు. మన పాత అంబాసిడర్‌ది లీటరున్నర. ఇక్కడివాళ్లకు అయిదు లీటర్లంటే 'చిన్నది' అన్నమాట! గేర్లు మాత్రం రెండే. పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు. బయల్దేరాక ఒక్కసారే గేరు మారుతుంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనిపడుతుంది.

2017లో మా వీధి చివరింటి పెద్దాయన దగ్గర కొన్నాను. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లయిన కొత్తలో కొనుక్కున్న కారట. కళ్లు దెబ్బతిన్నాయి. 'రోడ్డు పక్కలు కనిపిస్తాయి, నడిమధ్యే కనిపించదు' అనేవారు. ఎక్కువిస్తామని వచ్చినవాళ్లను పంపించేశారు. 'వాళ్లు దీనికి గుడ్డ కప్పి దాచుకుంటారు. నువ్వు నడుపుతావా?' అని అడిగారు. నడుపుతానన్నాను. తాళాలు ఇచ్చేముందు బానెట్ ఎత్తి, ఇంజిన్ ముందువైపు కుడిపక్కన చిన్న గట్టులా ఉన్నచోట కొట్టిన అంకెల్ని వేలితో తడిమి చూపించారు. అవి కారు నంబరు తాలూకు అంకెలే. ఆ రెండూ కలిశాయంటే ఫ్యాక్టరీలో ఎక్కించిన ఇంజిన్ ఇప్పటిదాకా మారలేదని రుజువు. పాత కార్ల బేరాల్లో 'నంబర్లు కలిసిన కారు' అంటే దాని లెక్కే వేరు.

నడుపుతాననడం తేలికే. నడపడమే కష్టమైంది. లీటరుకు అయిదు కిలోమీటర్లు రావడం గగనం. చలికాలం పొద్దున స్టార్టు చేయాలంటే బతిమాలుకోవాలి. హైవే ఎక్కితే ఇంజిన్ అరుపుకి పక్కసీట్లో మనిషి మాట వినపడదు. సైలెన్సర్‌లోంచి నీలంపొగ. చూపిస్తే రెండు సిలిండర్లలో కంప్రెషన్ పడిపోయిందన్నారు. ఇవన్నీ భరించాను. ఓ సాయంత్రం మా అమ్మాయిని స్కూలు నుంచి తెస్తుంటే రైలుపట్టాలు దాటీ దాటగానే ఆగిపోయింది. వెనక చక్రాలకీ పట్టాలకీ మధ్య పది అడుగులు కూడా లేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇంజిన్ మార్చేయాలని అప్పుడే అనుకున్నాను.

ఇక్కడ చాలామంది చేసే పనే నేనూ చేశాను. 1997లో కార్వెట్ స్పోర్ట్స్ కారు కోసం జనరల్ మోటార్స్ ఒక కొత్త వి8 ఇంజిన్ తెచ్చింది. ఆ కుటుంబాన్ని 'ఎల్ఎస్' అంటారు. 1999 నుంచి దాని సోదరులు పికప్ ట్రక్కుల్లోకి వచ్చాయి. ట్రక్కులు లక్షల్లో అమ్ముడుపోయాయి. కాలం తీరినవీ, గుద్దుకున్నవీ తుక్కు యార్డులకు చేరాయి. అందుకే చవక. వెనకనుంచి దెబ్బతిన్న ఓ 2003 సిల్వరాడో ట్రక్కు ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు, కంప్యూటరు, వైర్ల కట్ట... అన్నీ కలిపి 900 డాలర్లకు వచ్చాయి. 5.3 లీటర్లు, 285 హార్స్‌పవర్. పాతదానికి కంపెనీ 200 అని రాసుకుంది గానీ ఆ రోజుల్లో లెక్క కాస్త ఉదారంగా ఉండేది. ఫ్యాను, సైలెన్సర్ లాంటివేవీ తగిలించకుండా కొలిచేవారు.

2019 ఏప్రిల్‌లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకప్పుడు 71 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు రేకుల షెడ్డు నడిపిన మనిషి. అమెరికా వచ్చిన పెద్దవాళ్లు నయాగరా ఎప్పుడు చూపిస్తావని అడుగుతారు. ఈయన గ్యారేజీ ఎటని అడిగాడు. బానెట్ ఎత్తగానే లోపలికి వంగి, 'డెల్కో వెనక పెట్టాడేంట్రా వీడు?' అన్నాడు. మా షెడ్డులో డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అనే అనేవారు. ఆ పేరు ఎవరిదో ఎవరికీ తెలీదు. తుడిచి చూస్తే దానిమీద నిజంగానే 'డెల్కో రెమీ' అని ఉంది. జనరల్ మోటార్స్ వాళ్ల విడిభాగాల విభాగం పేరది. నలభై ఏళ్లు పిలిచిన పేరుకి మనిషి దొరికినట్టు నాన్న ముఖం వెలిగిపోయింది.

మే నెలలో ఇద్దరం కలిసే పాత ఇంజిన్ దించాం. నేను క్రేను పట్టుకున్నాను. నాన్న గొలుసు మీద చెయ్యేసి, 'ముక్కు ఎత్తు... కొంచెం వెనక్కి... ఆ, ఆపు' అంటూ, ఎక్కడా ఒక్క గీత పడకుండా బయటికి తెప్పించాడు. ఆ పూట ఆయన హుషారు చూసి అమ్మే ఆశ్చర్యపోయింది. సాయంత్రం నాకో ఫోనొచ్చింది. పాత ఇంజిన్ అమ్ముతానని ముందే ప్రకటన ఇచ్చి ఉన్నాను. 300 డాలర్లకు బేరం కుదిరింది. ఫోన్ పెట్టేశాక నాన్న అడిగాడు.

'ఎవర్రా?'

'పాత ఇంజిన్ పట్టుకెళతాడట నాన్నా. శనివారం వస్తాడు.'

'అదేమన్నా చచ్చిపోయిందా? బోరు కొట్టిస్తే లేచి కూర్చుంటుంది.'

'ఆ ఖర్చుతో ఇలాంటివి రెండొస్తాయి.'

'ఖర్చు సంగతి నేనడగలేదు.'

అప్పుడన్నాను, అనకూడని మాట. 'నువ్వు మాత్రం? అంబాసిడర్ల పెట్రోలు ఇంజిన్లు పీకేసి ఎన్ని మెటాడోర్ డీజిల్ ఇంజిన్లు పెట్టలేదు? ఆ పీకినవన్నీ ఏమయ్యాయి?'

నాన్న చేతిలో స్పానరు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

శనివారం ఆ మనిషి వస్తానంటే ఇంకో వారం ఆగమన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆ వారమంతా ఒక్కణ్నే పని చేసుకున్నాను. ఇంజిన్ మార్చడమంటే దించి ఎక్కించడమే అనుకుంటాం. అది పనిలో పదో వంతు. కొత్త ఇంజిన్ కూర్చునే చోటు వేరు, కారులో దిమ్మలున్న చోటు వేరు. మధ్యలో ఇనప పలకలు బిగించాలి. ట్రక్కు ఆయిల్ పాన్ లోతుగా ఉండి కిందికి వేలాడుతోంది. అదే కుటుంబానికి చెందిన కమారో కారు పాన్ తెచ్చి వేశాను. గేరుబాక్సు పాతదానికంటే రెండు మూడంగుళాలు పొడవు. దాంతో వెనక్కి తిరిగే షాఫ్టుని కోయించి పొట్టి చేయించాలి. కార్బురేటర్‌కు అయిదారు పౌండ్ల ఒత్తిడితో పెట్రోలు అందితే చాలు. దీనికి 58 పౌండ్లు కావాలి. అంటే కొత్త పంపు, కొత్త గొట్టాలు, ట్యాంకు కూడా కొత్తదే. ఇక కంప్యూటరు... దొంగలు ఎత్తుకుపోకుండా దానికో తాళం ఉంటుంది. తన సొంత ట్రక్కులో లేనని తెలిస్తే అది పెట్రోలు ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో ఆ జ్ఞాపకం తుడిచేయాలి. రోజూ ఆఫీసులో చేసే పనే కాబట్టి అదొక్కటే నాకు తేలిగ్గా వచ్చింది.

తొమ్మిదో రోజు రాత్రి పదకొండింటికి నాన్న గ్యారేజీలోకి వచ్చాడు. పాత ఇంజిన్ పక్కనే బకెట్ బోర్లించి కూర్చున్నాడు.

'1986లో తెనాలి దగ్గర్నించి ఓ డాక్టరు గారు వచ్చేవారు, నీకు గుర్తుండదు' అని మొదలుపెట్టాడు.

డాక్టరు గారిది తెల్ల అంబాసిడర్. పల్లెలన్నీ తిరిగే మనిషి. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ పెట్టమన్నారు. నాన్న పెట్టాడు. సి-బుక్కులో ఇంజిన్ నంబరు కూడా మార్పించి పెట్టాడు. దింపిన పెట్రోలు ఇంజిన్ షెడ్డులో అడ్డంగా ఉందని పాతసామాన్లవాడికి తూకానికి వేసేశాడు. రెండు నెలల తర్వాత డాక్టరు గారు వచ్చి పాత ఇంజినే మళ్లీ పెట్టమన్నారు. డీజిల్ అదురుకి ఆవిడ కారెక్కడం మానేసిందట. అదొక్కటే కాదు. రాత్రిళ్లు ఎప్పుడొచ్చినా వీధి మలుపులో కారు చప్పుడు విని ఆవిడ లేచి అన్నం వేడి చేసేదట. ఇప్పుడు లారీయో, కారో తెలియడం లేదంది.

'లేదండీ, అమ్మేశానని చెప్పా. ఆయన ఒక్కమాట అన్లేదు. పోనీలే అబ్బాయ్ అని టీ తాగి వెళ్లారు. తిట్టినా బాగుండేది' అన్నాడు నాన్న. 'ఇంజిన్ మార్చొద్దని నేనన్నానా? దింపింది పారెయ్యకూడదురా.'

మర్నాడు ఆ కొనేమనిషికి ఫోన్ చేసి క్షమించమన్నాను.

ఆ తర్వాత మా గ్యారేజీలో రెండు పనులు నడిచాయి. ఇటు నేను కొత్తది ఎక్కిస్తుంటే అటు నాన్న పాతదాన్ని విప్పాడు. ప్రతి నట్టూ, బోల్టూ పాత పెరుగు డబ్బాల్లో వేసి, మీద తెలుగులో రాసుకున్నాడు. సిలిండర్ల నడుమ దూరం కొలిచి 'నాలుగూ చిల్లర అంగుళాలుంది' అంటే, కొత్తదానికీ అంతేనని చెప్పాను. 1955లో మొదటి చిన్న వి8కి పెట్టిన 4.4 అంగుళాల కొలత ఎల్ఎస్‌లోనూ మారలేదు. 'అయితే వీడు దీని మనవడే' అన్నాడు. అప్పటినుంచి కొత్త ఇంజిన్ వైపు కాస్త దయగా చూడ్డం మొదలుపెట్టాడు.

బోరు కొట్టించడానికి బయట షాపుకి ఇచ్చాం. బ్లాకు పైభాగం కూడా సాపుచేస్తానన్నాడు అక్కడి పనివాడు. నాన్నకు ఇంగ్లిషు రాదుగానీ వాడి చేతి సైగ అర్థమైంది. గబుక్కున వెళ్లి ఆ అంకెలున్న గట్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. 'నంబర్! నో కట్టింగ్!' అన్నాడు. నిజమే. పైన రుద్దితే ఆ నంబరు పోతుంది. అలా పోగొట్టుకున్న ఇంజిన్లు ఎన్నో ఉన్నాయట. వాడు నాన్న భుజం తట్టి, సరేనన్నాడు. వాల్వులు మాత్రం నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పేస్టు పూసి, కర్రతో చేత్తో తిప్పుతూ రోజుకు రెండు చొప్పున ఎనిమిది రోజులు కూర్చున్నాడు. పదహారు వాల్వులు.

జులైలో కొత్త ఇంజిన్‌కు తాళం తిప్పాను. చోకు లేదు, బతిమాలుకోవడం లేదు. ఒక్క తిప్పుకి అందుకుంది. నాన్న గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. 'కుట్టుమిషన్‌లా ఉంది' అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తెలీదు.

ఇరవై నిమిషాలకు టెంపరేచర్ ముల్లు పైకెళ్లడం మొదలైంది. ఆపేశాను. నీళ్లు చూశాను, నిండుగానే ఉన్నాయి. మళ్లీ స్టార్టు చేస్తే మళ్లీ అదే. లాప్‌టాప్ తగిలించి అంకెలన్నీ చదివాను. అంతా సవ్యంగా ఉందంటోంది కంప్యూటరు. రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడోరోజు నాన్న వచ్చి రేడియేటర్ గొట్టాలు రెండూ పట్టుకుని చూశాడు. ఒకటి కాలిపోతోంది. రెండోది చల్లగా ఉంది.

'గాలి పట్టిందిరా' అన్నాడు. తర్వాత సిలిండర్ హెడ్ దగ్గర నేను బిరడా కొట్టిన సన్నటి గొట్టం చూపించి, 'ఇదెక్కడికి పోవాలి?' అని అడిగాడు.

'అది ట్రక్కులో ఏదో ఆవిరి గొట్టం. మన రేడియేటర్‌లో దానికి చోటు లేదు. అవసరం లేదని మూసేశాను.'

'ఇన్ని లక్షల ఇంజిన్లు చేసినోడు ఊరికే పెడతాడా?'

ఊరికే పెట్టలేదు. ఎల్ఎస్ ఇంజిన్ హెడ్లలో పైన చేరే ఆవిరి బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. వాటర్ పంపు పైన చిన్న కన్నం వేసి, మర కోసి, ఆ గొట్టం అందులో కలిపాం. కారు ముందుచక్రాలు చెక్కల మీదికి ఎక్కించి, ముక్కు పైకి ఉండేలా పెట్టి నీళ్లు పోశాం. బుడగలు బుడగలుగా పావుగంట సేపు గాలి పోయింది. ఆ రోజు నుంచి ఆ ముల్లు సగం దాటలేదు. అంబాసిడర్ దగ్గర నేర్చుకున్న చిట్కా ఇక్కడా పనిచేసింది.

ఆగస్టు 17న డ్రీమ్ క్రూజ్. పెద్దాయన్ని తీసుకెళతానని ఎప్పుడో మాటిచ్చాను. ఇంజిన్ మార్చిన సంగతి మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాను. అప్పటికి ఆయనకు చూపు ఇంకా తగ్గింది. ముందుసీట్లో కూర్చోబెట్టాను. వెనక నాన్న. వీధి దాటి పెద్ద రోడ్డు ఎక్కాం. ఆయన తల కొంచెం పక్కకు వాల్చి కూర్చున్నారు. రెండు సిగ్నళ్లు దాటాక నెమ్మదిగా అన్నారు.

'మూడుసార్లు.'

'ఏంటండీ?'

'గేరు మూడుసార్లు మారింది. నా కారుకి ఒక్కసారే మారుతుంది.'

నా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. చెప్పేశాను. రైలుపట్టాల సంగతి, కూతురి సంగతి అన్నీ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. వుడ్‌వర్డ్ మీద మూడుగంటలు తిరిగాం. పక్కనుంచి పోయే కార్లను చప్పుడు విని పేర్లు చెబుతూనే ఉన్నారు. ఒక్కటి కూడా తప్పలేదు. నా కారు గురించి మాత్రం ఒక్క మాట లేదు. తెనాలి డాక్టరు గారు టీ తాగి వెళ్లడం నాకు గుర్తుకొస్తూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు అడిగారు, 'పాతది ఏం చేశావు?' అని.

గ్యారేజీకి తీసుకొచ్చాం. స్టాండు మీద, నారింజరంగు వేసి, కొత్త పిస్టన్లతో సిద్ధంగా ఉంది. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని కుడివైపు ఆ గట్టు మీద పెట్టాడు. 'సేమ్ నంబర్' అన్నాడు. ఆయన వేలు ఒక్కో అంకె మీదా ఆగుతూ వెళ్లింది. చివరిదాకా చదివారు. ఇద్దరు ముసలివాళ్లూ అలా నిలబడి ఉంటే నేను బయటికొచ్చేశాను. కాసేపటికి ఆయన వచ్చి, 'బ్రేకులు కూడా మార్చావా?' అని అడిగారు. ముందుచక్రాలకు డిస్కులు వేశానన్నాను. 'అది మంచిపని. పాతవి ఎప్పుడూ నమ్మకం లేనివే' అన్నారు. కొత్త ఇంజిన్ బాగుందని గానీ, బాగాలేదని గానీ ఆయన ఎప్పుడూ అనలేదు. 2021లో పోయారు. అప్పటిదాకా నెలకోసారి ఆ కారులోనే షికారుకు తిప్పాను. కరోనా రోజుల్లో కూడా, అద్దాలు దించుకుని.

ఆ 307 ఇంజిన్ మళ్లీ ఎక్కిస్తానా? మా అమ్మాయి పెద్దయ్యాక తేలుస్తుంది. ఇప్పుడు పాత కార్లకు బ్యాటరీ మోటార్లు పెట్టేవాళ్లు కూడా వచ్చారు. 2021లో ఫోర్డ్ వాళ్లే ఓ 1978 పికప్‌కి కరెంటు మోటార్లు పెట్టి చూపించారు. రేపు మా అమ్మాయి ఏం దింపి ఏం ఎక్కిస్తుందో! ఈలోగా కారు మాత్రం లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇస్తోంది. రైలుపట్టాల దగ్గరికి వస్తే ఇప్పటికీ నేను కాస్త ఊపిరి బిగబడతాను.

2019 అక్టోబరులో వెళ్లిపోయేముందు నాన్న ఆ ఇంజిన్‌ని ప్లాస్టిక్ కవరుతో చుట్టి, ప్లగ్గుల కన్నాల్లో నూనె పోసి, ఓ పని అప్పగించాడు. వారానికోసారి పొడుగుపానాతో క్రాంకుని రెండు చుట్లు తిప్పాలి. లేకపోతే రింగులు గోడలకు అంటుకుపోతాయట. ఆదివారం పొద్దున్నే విజయవాడ నుంచి వీడియో కాల్ వస్తుంది. అక్కడ సాయంత్రం. ఫోను టూల్‌బాక్స్ మీద ఆనించి పెడతాను.

'తిప్పావా?'

'తిప్పాను నాన్నా.'

'నేను చూళ్లేదు. మళ్లీ తిప్పు.'